లెన్సుకు పెట్టిన బొట్టు

కెమెరాతో హొగేనక్కల్ జలపాతానికి వెళ్ళదలచిన వారికి ముందే చెబుతున్నాను: ఆయుధపూజ నాడు బంధువుల ఇంట్లో మాత్రం దిగకండి. ఎనభైల నడుమ ఒక సంవత్సరం నేను దిగాను. ఆ మంట ఇంకా చల్లారలేదు.

చిత్తూరులో ఒక క్యాలెండరు ప్రెస్సు యజమాని, నిండు కావేరి ఫోటో తెస్తే అచ్చు వేస్తానన్నాడు. ఎన్నో ఏళ్ళుగా కొండలూ నదులూ పట్టుకు తిరుగుతున్నా నా పేరు ఎక్కడా అచ్చులో పడలేదు. తెల్లవారుజామున బస్సెక్కి, కృష్ణగిరిలో మారి, భోజనాల వేళకు తమిళనాడు పల్లె పెరియంపట్టిలో మా మేనమామ కొడుకు మునిరత్నం ఇంటికి చేరాను. సంచిలో కెమెరా, మూడుకాళ్ళ స్టాండు, రెండు కలర్ రీళ్ళు, తుంపర పడకుండా కప్పడానికి ఒక పాలిథీన్ కవరు. జలపాతం నురగలా రావాలంటే స్టాండు మీద పెట్టి షట్టరు నెమ్మదిగా వదలాలి. లెన్సు అద్దం మీద వేలిముద్ర కూడా ఉండకూడదు. ఆ సాయంత్రమే అద్దం తుడిచి మూత పెట్టాను.

మర్నాడు స్నానం చేసి వచ్చేసరికి సంచి ఖాళీ. కెమెరా దేవుడి పటాల ముందు, నాగలికీ కొడవలికీ నడుమ కూర్చుని ఉంది. అద్దం నిండా గంధం, మధ్యలో కుంకుమ. మునిరత్నం భార్య రాజమ్మ హారతి పళ్ళెంతో నిలబడింది.

"మూత ఎందుకు తీశావమ్మా?"

"కన్ను మూసుకొని ఉంటే బొట్టు ఎట్లా పెట్టేది అన్నా?"

నేను చేయి చాచగానే మునిరత్నం అడ్డం వచ్చాడు. "పూజలో పెట్టినది ఈ పొద్దు కదిలించకూడదు బావా. పోయిన ఏడు ఇదే నాడు మోటారు వేసినాము. వారంలో కాలిపోయింది, పైరంతా ఎండిపోయింది."

"మరి బస్సులు తిరుగుతున్నాయే, అవి ఆయుధాలు కావా?"

"అవి గవర్నమెంటువి బావా. వాళ్ళకేమి."

పైరు పోగొట్టుకున్న ఇంట్లో కెమెరా లాక్కుని ఎలా పోను? అలాగని కూర్చోనూ లేను. పళ్ళు నూరుకుంటూ, మునిరత్నాన్ని వెంటబెట్టుకుని, ధర్మపురిలో బస్సు మారి జలపాతానికి వెళ్ళాను. మంచి ఎండ, నిండు నీరు, తుంపరలో ఇంద్రధనుస్సు. అలాంటి వెలుతురు నా జన్మలో చూడలేదు. నా చేతిలో ఉన్నది వేయించిన చేప ముక్క.

"బాగుంది కదా బావా" అన్నాడు మునిరత్నం. వాణ్ణి నీళ్ళలోకి తోసేయాలనిపించింది.

విజయదశమి పొద్దున మళ్ళీ పూజ చేసి కెమెరా నా చేతికిచ్చారు. గంధం ఎండి గట్టిపడింది. తడిగుడ్డతో ఎంత తుడిచినా అంచున ఎర్రటి జీర పోలేదు. జలపాతం దగ్గర ముసురు పట్టింది. నేను తీసిన ఫోటోల్లో కావేరి అంట్లు కడిగిన నీళ్ళలా ఉంది. ప్రెస్సు యజమాని వాటిని పక్కకు తోసి, ఇంకొకరి ఫోటో వేసుకున్నాడు.

మరుసటి సంవత్సరం పండగ ముగిశాకే పెరియంపట్టి వెళ్ళాను. గోడ మీద ఆ క్యాలెండరే ఉంది. మా అమ్మ ఎవరి చేతో పంపిందట. నిండు కావేరి, ఇంద్రధనుస్సు, కింద ఫోటో తీసినవాడి పేరు తెలుగులో. ఆ ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం తమిళమే వచ్చు. ఆ పేరు మీద గంధం, కుంకుమ పెట్టి ఉన్నాయి.

"పూజ చేసినందుకే ఇంత బాగా వచ్చింది అన్నా. నీ పేరుకు కూడా బొట్టు పెట్టినాను" అంది రాజమ్మ.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే గుమ్మంలోకి పోయి, ఫోటో తీసిన అన్న వచ్చినాడని పక్కింటి వాళ్ళను పిలుస్తోంది.

తిరుగు బస్సులో కృష్ణగిరి దాకా కిటికీలోంచి బయటికి కూడా చూడలేదు. ముక్కూ మొహం తెలియని ఎవడికో నా వాళ్ళు బొట్టు పెట్టి దండం పెడుతున్నారు.