రాజక్క రెండు టీవీలు

నిన్న పాత సామాన్ల దుకాణంలో ఎవరో డబ్బా టీవీ పెట్టి చూస్తున్నారు. వేడెక్కిన దుమ్ము వాసన ముక్కుకు తగలగానే రాజక్క గుర్తొచ్చింది. చంద్రపూర్‌లో, బొగ్గు గని కాలనీ పక్కన, ఆమె డీవీడీలు అద్దెకిచ్చేది. నేను ఆమె దగ్గర పనిచేసేదాన్ని. బడి చదువు పదితో ఆగినా, మధ్యాహ్నాలు గ్రంథాలయంలో కూర్చుని టీవీల మీద మరాఠీలో దొరికిన పుస్తకమల్లా చదివాను. మన టీవీలు వాడే పాల్ పద్ధతిలో తెర మీది బొమ్మకు ఆరువందల ఇరవై ఐదు అడ్డగీతలు, అమెరికా వాళ్ల ఎన్టీఎస్సీలో వంద తక్కువ, కాబట్టి మనదే మేలని వచ్చిన వాళ్లందరికీ చెప్పేదాన్ని.

రాజక్క కాదనేది కాదు. దుకాణంలో పక్కపక్కన పెట్టిన రెండు టీవీల్లో ఒకే సినిమావి రెండు రకాల డిస్కులు వేసేది. "గీతలు నువ్వు లెక్కవెట్టు పిల్లా, మొకాలు నేను జూస్త." ఒకసారి ఎన్టీఎస్సీ డిస్కులోనే వెంట్రుకలు విడివిడిగా కనిపించాయి, పాల్ డిస్కు అలుక్కుపోయింది. "గట్లెందుకైంది? పోయి సదువుకొని రా" అని పనివేళలోనే నన్ను గ్రంథాలయానికి పంపింది. ఆ పాల్ డిస్కును ఎన్టీఎస్సీ నుంచే మార్చి చేశారని, లేని గీతలు మార్పిడితో పుట్టవని తెలుసుకుని వచ్చాను. అప్పటి నుంచి ఆమె పాల్ డబ్బాలకు పసుపు బొట్టు, ఎన్టీఎస్సీ వాటికి కుంకుమ బొట్టు పెట్టింది. కాలనీలో ఒకావిడ కుంకుమవి దేవుడి సినిమాలనుకుని, దొంగల సినిమా తీసుకెళ్లి దీపం ముట్టించి కూర్చుంది!

గనిలో పనిచేసి రిటైరైన పోశం మామ ఒకరోజు బిడ్డ పెళ్లి డిస్కు తెచ్చాడు. ఆయన భార్య చనిపోయి ఏడాది. ఆమె కదులుతూ కనిపించేది అందులోనే.

"తెలుపు నలుపు వస్తుంది పిల్లా. కాపీ చేసినోడు రంగు వోయింది, పారెయ్యుమంటుండు."

"రంగు పోలేదు మామా, డిస్కులనే ఉంది. కాపీ జేసినోడు దాన్ని ఎన్టీఎస్సీల జేసిండు. గా రంగు సదువుడు మీ పాత టీవీకి రాదు."

మా టీవీలో వేశాను. రంగులు విచ్చుకున్నాయి. మామ భార్య ఆకుపచ్చ చీరలో బిడ్డకు బాసింగం సరిచేస్తోంది.

"నీలం చీర గదా గప్పుడు కట్టింది?" అన్నాడు మామ.

"ఆగు మామా. ఒక్క టీవీ మాట నమ్మొద్దు" అంటూ రాజక్క వైరు రెండో టీవీకి మార్చింది. అక్కడా ఆకుపచ్చే.

"ఇన్నొద్దులు ఆమెను వేరే చీరల యాది జేసుకున్న" అని ఆయన నవ్వాడు. కళ్లు తుడుచుకుని, "ఇంకోపాలి వెయ్యి" అన్నాడు.

ఇంట్లో ప్లేయరు సెట్టింగును పాల్‌కు మార్చుకుంటే చాలని చెప్పాను. రాజక్క రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినపడేలా, "మా పిల్ల లైబ్రరీల సదివి పట్టింది!" అంది.

ఆ మాట తలుచుకుంటే ఈనాటికీ నా నడుం నిటారవుతుంది. ఏ పుస్తకంలో ఏం చదివినా, ఇంకోచోట సరిచూసుకోకుండా నోరు విప్పను. పుస్తకాలు వెతికి చదవడం నాకు నేనే నేర్చుకున్నాను. ఆగి సరిచూసుకోవడం మాత్రం రాజక్క నేర్పింది.