ఎవరి జీతం కోశారు?

అమెరికాలో అయోవా రాష్ట్రంలోని మా ఊళ్లో ఆర్విడ్ లిండ్‌క్విస్ట్‌ను ఎరగనివాళ్లు లేరు. సైన్యంలో ఇరవయ్యేళ్లు సామాన్ల గోదాం చూసుకుని వచ్చిన మనిషి. ప్రతి సోమవారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్కన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, రెండు వేళ్లతో వారపత్రికకు ఉత్తరం టైపు చేస్తాడు. ఎక్కడ యుద్ధం మొదలైనా, ఏ బ్యాంకు మునిగినా ఆయన దగ్గర ఒక మాట ఉంటుంది. గొంతు పెంచడు, ఎదుటివాడు జవాబు చెప్పేదాకా కళ్లార్పకుండా చూస్తాడు.

మొన్న శనివారం మా కాంగ్రెస్ సభ్యుడు, అంటే మీ ఎంపీ లాంటివాడు, హైస్కూలు ఆటల హాలు జిమ్ములో సభ పెట్టాడు. మైకు చేతికి రాగానే ఆర్విడ్ లేచి నిదానంగా అడిగాడు.

"అయ్యా, ఎడారి యుద్ధంలో నా గోదాంలోంచి ఒక బైనాక్యులర్ పోయింది. సంతకం నాది కాబట్టి మూడు నెలలు నా జీతం కోశారు. మొన్న మునిగిన బ్యాంకును మా పన్నులతో నిలబెట్టారు కదా, అక్కడ ఎవరి జీతం కోశారు?"

"అది చాలా చిక్కు వ్యవహారం, ఆర్విడ్ గారూ."

"నాదీ చిక్కే సార్. ఆ రోజు ఇసుక తుఫాను."

జిమ్మంతా గొల్లున నవ్వింది. సభ్యుడూ నవ్వేశాడు. ఆర్విడ్ మాత్రం నవ్వలేదు, కూర్చోలేదు. నవ్వులు సద్దుమణిగాక సభ్యుడు గొంతు సవరించుకున్నాడు.

"నెల రోజుల్లో కనుక్కుని చెబుతాను."

"ఇక్కడే, వీళ్లందరి ముందు?"

"ఇక్కడే."

అప్పుడు కూర్చున్నాడు ఆర్విడ్. వెనక వరసలోంచి ధాన్యం కొట్టు హిల్డా లేచింది.

"మీరు జవాబు చెప్పే రోజున ఈయనకు ఒంట్లో బాగోకపోతే నేనడుగుతాను సార్. ప్రశ్న రాసుకున్నాను."