జెండా పాటకు నేను కట్టిన వరుస

మొన్న ఆగస్టు పదిహేనున జెండా ఎక్కించే తాన మా వాళ్ళందరినీ ఏడిపించేసినాను. దేశభక్తితో ఏడ్చినారనుకునేరు. టీ తాగతా వినండి, చెప్తాను.

ఈ తమిళ గడ్డమీద, మా పీలమేడులో తెలుగోళ్ళ సంఘం ఒకటుంది. ప్రతి ఏడూ జెండా ఎక్కించి, స్పీకరులో సినిమా పాట ఏసి, మిఠాయి పంచి పంపించేస్తారు. స్కూల్లో మ్యూజిక్ టీచర్ని గదా, నాకు కడుపు మండేది. మా పిల్లకాయలు ఇంట్లో అవ్వతో తెలుగు మాట్లాడతారు, గడప దాటితే తమిళం, ఇంగ్లీషు. ఒక్కసారి నలుగురి ముందర తెలుగులో పాడితే ఆ సిగ్గు పోతుందని నా ఆశ. ప్రెసిడెంట్ మామను బతిమాలినాను. "సరిమ్మా, ఈ తూరి చూస్తాం. బాగాలేదంటే మళ్ళా స్పీకరే" అన్నాడు.

మా చిన్నాయన రాసిన కవిత ఉంది, "నల్లరేగడి తల్లీ, నీ జెండా ఎగరాల" అని. మాట తెలుగు, రాత తమిళం. మాలో చాలామందికి తెలుగు చదివేదానికి రాదు. దానికి వరుస కట్టాల. స్కూటీ మీద పోతా సిగ్నల్ కాడ నిలబడి ఉంటే పల్లవి తట్టేసింది. ఇల్లు చేరేలోపల చరణాలు కూడా. ఎక్కడా తడుముకోలేదు. నాలో ఇంత సరుకుందా అని నాకే ఆశ్చర్యం. బ్యానర్లో సంగీతం అని నా పేరు పెద్దగా వేయించుకున్నాను. డ్రమ్స్ ట్రాక్ పెట్టి, మార్చింగ్ లెక్క స్పీడుగా పిల్లలకు నేర్పించినాను.

ఆ పొద్దు తేని ఊరి నుంచి మా అవ్వ బస్సెక్కి వచ్చి ముందు వరసలో కూచుంది. మొదటి చరణం అదిరింది. అప్పుడే కరెంట్ పోయింది, డ్రమ్స్ ఆగిపోయినాయి. తాళం లేకుంటే పిల్లలు ఏం చేస్తారు, సాగదీసినారు. నేను చేతులు ఎంత ఊపినా లాభం లేదు. పాట అట్లా మెల్లగా సాగతా ఉంటే అవ్వ చీరకొంగు కండ్లకు అద్దుకునింది. పక్కనామె ముక్కు చీదింది. మామ అయితే జెండా తాడు పట్టుకునే వెక్కి వెక్కి ఏడ్చినాడు. నా సంగీతమే సంగీతం అని పొంగిపోయినాను.

అప్పుడు అవ్వ గొంతెత్తింది. వరుస నాదే, మాటలు వేరే: "పోయిరా బిడ్డా, పుట్టినిల్లు మరువబోకు." ముసలోళ్ళందరూ అందుకున్నారు. పెండ్లికూతుర్ని సాగనంపేటప్పుడు మా ఆడోళ్ళు పాడే పాట అది. ఇప్పుడు పెండ్లిండ్లలో అంతా డీజే, అది పాడేవాళ్ళు లేరు. చిన్నప్పుడు మా అత్త పెండ్లిలో అవ్వ ఒళ్ళో కూచుని విన్నానంట. మామ ఆ మధ్యనే పెద్దకూతుర్ని అత్తగారింటికి పంపినాడు, ఇంకేం ఆగుతాడు పాపం.

నాకు తలెత్తి చూసే మొహం లేదు. అవ్వ ముక్కు తుడుచుకుని, "ఏమే, జెండా ఎక్కించమంటే అత్తగారింటికి పంపించేసినావే" అంది.

అయితే పిల్లలు ఆపలేదు. వాళ్ళ మాటలు, అవ్వల మాటలు ఒకే వరుసలో కలిసిపోయినాయి. అయిపోయినాక పిల్లకాయలు పోయి అవ్వల చుట్టూ చేరినారు, ఆ పాత పాట నేర్పించమని. అందరి ముందరా, తెలుగులోనే అడిగినారు. నాకు కడుపు నిండిపోయింది. మామ కండ్లు తుడుచుకుని, "వచ్చే ఏడూ పిల్లలే పాడాల. ఈ వరుస మాత్రం వద్దమ్మా, నాకింకా చిన్నది ఉంది" అన్నాడు.

సరే, కొత్తది కట్టాల గదా. నిన్న ఒకటి తట్టింది, ఇది కూడా తడుముకోకుండానే. ఈ తూరి తెలివిగా ముందే అవ్వకు ఫోన్ చేసి వినిపించినాను. చివరిదాకా విని, "బాగుందే. నిన్ను ఉయ్యాల్లో ఏసినప్పుడు ఇదే పాడేదాన్ని" అంది.