తిరగబడిన పళ్ళెం

నీలగంగా హొసమనికి ముప్పై ఒకటో ఏడు. హునగుందలో బస్సు కండక్టరు కూతురు. ధారవాడలో మా ల్యాబుకు పీహెచ్‌డీకని వచ్చి ఐదేళ్లయింది. ఆ ఐదేళ్లలో నాలుగు వందల దాకా గొర్రెల మెడల్లో సూది గుచ్చింది. వాటి కాళ్లు పట్టుకున్నది ల్యాబు అటెండరుగా నేను. ఆమెను మేధావి అని ఎవరూ అనలేదు. మొండిది అని అందరూ అన్నారు.

ఆమె ప్రశ్న ఒక్కటే. వానాకాలం బురదలో కొన్ని గొర్రెల గిట్టలు కుళ్లిపోతాయి, కొన్నిటికి ఏమీ కాదు. ఆ తేడా జన్యువుల్లో ఎక్కడుంది? నాలుగో ఏట రెండు చోట్లు దొరికాయి. మొదటిదాని గురించి గైడు బెటగేరి సారు సభల్లో చెప్పేశారు కూడా.

థీసిస్ ఇచ్చే ముందు అందరి ఎదుటా నిలబడాల్సిన సెమినారుకు పన్నెండు రోజులుంది. మొదట చేయాల్సిన తనిఖీ అప్పుడు చేసింది: మేం పుస్తకంలో రాసుకున్న ఆడా మగా, జన్యువుల్లో కనిపించే ఆడా మగా ఒకటేనా అని. ముప్పై రెండింటికి పొసగలేదు. వెంటనే మంద యజమాని బీరప్పకు ఫోను చేసింది.

"బీరప్పన్నా, చెవికి నలభై ఒకటో బిళ్ళ ఉన్నది పొట్టేలేనా?"

"పొట్టేలు కాక మా అత్తా? అదేం ప్రశ్న అక్కా!"

"మా మిషను ఆడది అంటోంది."

"అయితే మిషనుకు కళ్లద్దాలు పెట్టించు. లేదంటే అదెప్పుడు ఈనుతుందో కూడా చెప్పమను, బాలింత కాయం చేసి పెడతా."

పక్క బల్ల దగ్గర ఏడాది సీనియరు ఇనాందార్ నవ్వాడు. "ఆ ముప్పై రెండూ తీసి పారెయ్ నీలా. నాలుగు వందల్లో అదెంత? ఎవడడుగుతాడు?"

"దొరికిన దొంగల్ని గెంటేస్తే దొరకనోళ్లు ఇంట్లోనే ఉంటారు కదయ్యా. ఒక ఆడదాని చోట ఇంకో ఆడది కూర్చుంటే ఈ తనిఖీకి ఎలా తెలుస్తుంది?"

ముప్పై రెండూ ఒకే పళ్ళెంలోవి. రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏను పోసే ఆ ప్లాస్టిక్ పళ్ళేనికి తొంభై ఆరు గుంటలు. ఎటు పట్టుకోవాలో తెలిసేలా ఒక మూల కోసి ఉంటుంది. ఆ విడత వచ్చినవాటికి కోత లేదు. నీలగంగ జాబితాను తలకిందులు చేసి, మొదటి గుంట పేరు చివరి గుంటకు ఇస్తూ పోయింది. అన్నీ సరిపోయాయి. పళ్ళేన్ని మిషన్లో పెట్టింది ఆమే. అటుది ఇటు పెట్టింది.

అంతటితో నమ్మలేదు. ఉన్న నాలుగు పళ్ళేల నుంచీ పదేసి గొర్రెలను ఏరి, మందల వెంట తిరిగి కొత్తగా రక్తం తీసి సరిచూసింది. మిగతా మూడు పళ్ళేలు సరిగానే ఉన్నాయి. లెక్క మళ్లీ వేస్తే రెండో చోటు ఇంకా గట్టిపడింది. మొదటిది మాయమైంది.

నేరుగా సారు గదిలోకి వెళ్లింది.

"తప్పు నాది సార్. మీరు చెప్పిన ఆ మొదటి చోటు లేదు."

"నాలుగు సభల్లో చెప్పానమ్మా!"

"ఐదోదాంట్లో లేదని చెబుదురుగాని."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే, నీ నోటితోనే చెప్పు" అన్నారు.

సెమినారులో నీలగంగ ఆ పళ్ళెంతోనే మొదలుపెట్టింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు మధ్యలోనే ఆపాడు.

"అమ్మాయీ, ఒకటి తిరిగిందని నువ్వే అంటున్నావు. ఇక ఈ రెండో చోటును మాత్రం మేమెందుకు నమ్మాలి?"

"నమ్మొద్దు సార్. ఏ గొర్రెకు ఆ చోట ఏముందో జాబితా మీ చేతిలోనే ఉంది. ఏదో ఒక బిళ్ళ నంబరు చెప్పండి. రేపు మందకు పోదాం."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఒకటి కాదు, ఆరు నంబర్లు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మా జీపెక్కాడు. ఆరింటి రక్తమూ తన కళ్లెదుటే తీయించి, సీసాల మీద తనే సంతకం పెట్టాడు. ఆరూ జాబితా చెప్పినట్టే తేలాయి.

మొదటి చోటు గురించిన అధ్యాయం కొట్టేసి, థీసిస్ మళ్లీ రాసుకోవడానికి ఆరు నెలల గడువిచ్చారు. నీలగంగ మూడు నెలల్లో ఇచ్చేసింది.