గుర్రానికి పేరుంది

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన మా క్వార్టర్ల చివరి వరసలో ఉండేవాడు. ఆయనకు నలభై ఏళ్లు, నాకు తొమ్మిది. ఎత్తు విషయంలో మాత్రం ఇద్దరం సమవయస్కులం. పిల్లలందరికీ ఆయన 'పొట్టి మావయ్య'. పెద్దవాళ్లు మర్యాద తెలిసినవాళ్లు కనుక ఎదుట 'మావయ్య' అని, వెనకాల ఆ మొదటి మాట కూడా కలిపేవారు.

అప్పట్లో నా దగ్గర ఒక కథల పుస్తకం ఉండేది. అట్ట లేదు, చివరి పేజీలూ లేవు. అందులో ఒక మరుగుజ్జు భూమి కింద కొలిమి పెట్టుకుని ఇనుము కరిగిస్తాడు, గడ్డంతో నేల ఊడుస్తూ తిరుగుతాడు, నిధికి కాపలా కాస్తాడు. రాజకుమారుడికంటే నాకు వాడే ఇష్టం. మనిషి మా అంతే ఉంటాడు, కానీ మీసాలున్నాయి. పాలు తాగమనీ పడుకోమనీ వాడికి ఎవరూ చెప్పరు. ఆ వయసులో అంతకు మించిన పదవి నాకు తోచలేదు. అయితే పిల్లల ఒంటి మీద ముసలి ముఖం బొమ్మలో చూసినప్పుడల్లా పేజీ గబుక్కున తిప్పేసేదాన్ని. తిప్పేసి, మళ్లీ వెనక్కి తిప్పేదాన్ని.

ఆ కథలో ఒక నియమం ఉంది. మరుగుజ్జు టోపీ ఎవరు లాక్కుంటే వాళ్లకు వాడు నిధి చూపించి తీరాలి.

సాయంత్రం సైరన్ కూయగానే వర్క్‌షాపు గేటులోంచి సైకిళ్ల వరద వచ్చేది. ఆ వరద వెనక పొట్టి మావయ్య నడిచి వచ్చేవాడు, ఒళ్లంతా మసి, నెత్తిన నీలం గుడ్డ టోపీ. ఆవిరి ఇంజన్ల బాయిలర్ల లోపల ఆయన పని. ఇనుము, నిప్పు, చీకటి, టోపీ! ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టూ అడగదు. ఒకరోజు గేటు పక్క గోడెక్కి కూర్చున్నాను. ఆయన గోడ కిందికి రాగానే టోపీ లాగేసి, "నిధి చూపించు!" అని అరిచాను.

గేటు దగ్గర జనమంతా నవ్వారు. "పరిగెట్టు మావా, పట్టుకో గుంటని!" అని ఒకడు. "ఛోడో మత్, దాదా!" అని ఇంకొకడు హిందీలో, వదలొద్దని. ఆయన పరిగెత్తలేదు. పరిగెత్తితే జనానికి రెండో ఆట చూపించినట్టవుతుందని ఆయనకు తెలుసు. అది నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఉత్త తలని చేత్తో ఒకసారి తడుముకుని ఇంటికి వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. టోపీ దిండు కింద దాచుకున్నాను.

తర్వాత రెండు రోజులూ ఆయన జుట్టు నిండా తుప్పు పొడితో బయటికొచ్చాడు. మూడో రోజు మా ఇంటికే వచ్చాడు. మా నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. సంగతి వినగానే చెయ్యెత్తాడు.

"ఆగండి బాబూ. కొడితే ఏటొస్తాది? ముందు ఆ పుస్తకం తెమ్మనండి," అన్నాడు మావయ్య.

వరండాలో కూర్చుని కథంతా నా చేత చదివించుకున్నాడు. నిజానికి శ్రద్ధగానే విన్నాడు. చివర, "ఈడి పేరేటమ్మా?" అని అడిగాడు.

"మరుగుజ్జు."

"అది పేరు కాదు గదా. రాజకుమారుడికి పేరుందా?"

ఉంది.

"మరి గుర్రానికో?"

గుర్రానికీ ఉంది. మేఘవర్ణం.

"బాగుంది. గుర్రానికి పేరుంది," అని ఆయన నవ్వాడు. నాన్న నవ్వలేదు. ఎవరూ కొట్టకుండానే నా చెవులు వేడెక్కాయి. లోపలికి వెళ్లి టోపీ తెచ్చి ఇచ్చాను. ఆయన దులిపి పెట్టుకుని, "టోపీ తీసినావు కాబట్టి నిధి సూపించాల. విశ్వకర్మ పూజనాడు రా," అన్నాడు.

ఆ ఒక్క రోజు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లకు కూడా తెరుస్తారు. యంత్రాలన్నిటికీ బంతిపూల దండలు. ఆయన నన్ను మరమ్మతుకొచ్చిన ఒక ఇంజన్ దగ్గరికి తీసుకెళ్లి, బొగ్గు వేసే రంధ్రంలోంచి లోపలికి దింపాడు. తర్వాత తనూ దిగాడు. మిగతావాళ్లు వంగి పనిచేసే చోట ఆయన నిటారుగా నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. లాంతరు వెలుగులో గోడలనిండా బోల్టులే.

చిన్న సుత్తి నా చేతికిచ్చి, "కొట్టు. ఇను," అన్నాడు. ఖంగు. ఖంగు. ఖంగు. ఒకచోట మాత్రం ధబ్బుమంది.

"అది లోపల ఇరిగిపోనాది. కంటికి అవుపడదు. ఇడిసేస్తే బాయిలర్ పేలిపోద్ది, డ్రైవరుండడు, ఫైర్‌మనుండడు." దాని చుట్టూ సుద్దముక్కతో గుండ్రంగా గీశాడు. "నా దగ్గిరున్న నిధి ఇదే."

బయటికొచ్చేసరికి నా కొత్త గౌను ఆయన చొక్కా రంగుకొచ్చింది. పూజకొచ్చిన మగవాళ్లు మమ్మల్ని పక్కపక్కన చూశారు. "ఓరి, పొట్టి మావకి జోడీ దొరికిందిరోయ్!" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నిమిషం కూడా ఉండి ఉండదు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేలకేసి చూస్తూ నిలబడ్డాను. అప్పుడాయన తన టోపీ తీసి నా నెత్తిన పెట్టి, ఎవరూ కనబడకుండా కళ్లదాకా లాగాడు.

"నవ్వనీ అమ్మా. నువ్వు ఎదుగుతావు గదా," అన్నాడు.

ఎదిగాను. రెండేళ్లలో ఆయన్ని దాటేశాను. ఆ తర్వాత వీధిలో ఎదురైతే ఊరికే వంగి నడిచేదాన్ని. దానివల్ల ఆయనకు ఏం మేలు జరిగిందో నాకిప్పటికీ తెలియదు.

మొన్న ఖరగ్‌పూర్‌లోనే, సుభాష్‌పల్లి ఇంట్లో మా మనవడు ఫోనులో ఏదో చూస్తూ, గొడ్డలి పట్టుకున్న గడ్డపు మరుగుజ్జును చూపించి, అందరికంటే తనకు వీడే ఇష్టమన్నాడు. వంశం కదా. వాడికి ఈ కథంతా చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు. అయిపోయాక, "ఆ తాత పేరేటి అమ్మమ్మా?" అన్నాడు.

మరిచిపోయానన్నాను. నా వయసుకు ఆ మాట ఎవరైనా నమ్ముతారు, వాడూ నమ్మాడు. గుర్రం పేరు అడిగి ఉంటే తడుముకోకుండా చెప్పేదాన్ని. ఆయన పేరు నేను మరిచిపోలేదు. ఎప్పుడూ అడగలేదు.