వరిమడి ఎలుక, మెట్ట ఎలుక

నా నోరు మొదటినుంచీ మంచిది కాదు. ఆ సంగతి మా అత్తకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాది చంద్రగిరి దగ్గర ఏటి ఒడ్డు పల్లె. కోతలయ్యాక మడి గట్లలో ఎలుక కలుగులు తవ్వుకోవడం మాలాంటి కూలివాళ్ళకు తరాలుగా అలవాటు. రైతులు కూడా వద్దనేవారు కాదు. అక్కడి ఎలుకలు నల్లగా, బలిసి ఉండేవి. వరివెన్నులు కొరికి తెచ్చి, గట్టు కింద గదిలాంటి చోట వరసగా పేర్చుకునేవి. ఒక్క కలుగులోనే పడి నిండా వడ్లు దొరికిన రోజులున్నాయి. అత్త గట్టుమీద మడమతో తట్టి, డొల్ల చప్పుడు విని, గింజ ఎక్కడుందో చెప్పేసేది.

యుద్ధం రోజుల్లో వరసగా వానలు తప్పాయి. ఏరు ఎండింది, మడులు బీడుపడ్డాయి. నా భర్తకు పాకాల దగ్గర రైలుకట్ట మీద కూలిపని దొరికితే, అత్తతో, మూడు నెలల పసిబిడ్డతో అక్కడికి చేరాము. నాకు పాలు ఇంకిపోతున్నాయి. బిడ్డకు ఏడ్చే ఓపిక కూడా లేదు.

"ఎలకలు లేని చేను ఉంటాదా మే? నీ కడుపుకు గింజలు నేను తెస్తా" అని అత్త గడ్డపార భుజాన వేసుకుని శెనక్కాయ చేలవైపు పోయింది.

సాయంత్రం ఒట్టి చేతులతో వచ్చింది. మరునాడూ అంతే. చేనంతా బొక్కలేనట, తవ్వితే ఏమీ లేదట. ఆమె కూతురిని ఇచ్చిన పల్లె అక్కడికి నడక దూరమే. వారం గడిచేసరికి నాకు ఒళ్ళు మండింది.

"బొక్కలో గింజ లేకుండా యాడన్నా ఉంటాదా అత్తా? నీ కూతురింటికి మోస్తా ఉండావు. నా బిడ్డ ఈడ పస్తు పడుకుంటా ఉండాడు" అన్నాను.

అత్త కాదనలేదు. తన వంతు ముంతెడు రాగి అంబలి నా ముందుకు జరిపింది. "నేను ఆడనే తినేసొచ్చినాలే. నువ్వు తాగు" అంది.

ఇంకేముంది, దొంగతనం ఒప్పుకుందనుకున్నాను. కోపంతోనే గటగటా తాగేశాను. అప్పటినుంచి రోజూ అదే మాట, అదే ముంత. నాకు మళ్ళీ పాలు పడ్డాయి.

కొన్నాళ్ళకు అత్త చేలో పడిపోయిందని కబురొచ్చింది. బిడ్డను చంకనేసుకుని పరిగెత్తాను. అప్పటికే ప్రాణం పోయింది. చుట్టూ మోకాటిలోతు గుంతలు, అన్నిటిలోనూ ఎర్రమన్నే. ఆ చేనుగల ముసలమ్మ అత్త తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"శానాసార్లు సెప్పినానమ్మా. మా మెట్ట ఎలకలు వేరే. ఎర్రగా ఉంటాయి, తోక కొసన కుచ్చు ఉంటాది. మీ మడి ఎలకల మాదిరి గింజ దాసుకోవు, యాడ దొరికింది ఆడనే తినేస్తాయి. అయినా ఇనలేదు. 'నా కోడలు నమ్మదక్కా, ఒక్క గింజన్నా తీసకపోయి సూపించాల' అనింది" అని చెప్పింది.

ఆమె ఆ చేలో ఏమీ తినకుండానే వచ్చేదని అప్పుడు తెలిసింది. చంకలో బిడ్డ పాలకోసం రొమ్ము తడుముతున్నాడు. అక్కడే, ఆమె పక్కనే కూర్చుని పాలిచ్చాను.

వాడు బతికాడు. అవ్వ ఎలా పోయిందని అడిగితే కరువులో పోయిందని చెబుతాను. ఆమెను దొంగ అన్నానని వాడికి ఇంతవరకూ చెప్పలేదు.