మామిళ్ల కింద పస్తు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. చిన్నమ్మి ఉద్యోగం అదే. దేశం ఏం తింటోంది, ఎంత పస్తుంటోంది అని లెక్క తీసే సర్వేలో మెతుకు పట్టి చూసే మనిషి ఆమె. ఏయే ఊళ్లు, ఏయే ఇళ్లు అన్నది దంతెవాడలో పైవాళ్లు ఎంచి ఇస్తారు. చిన్నమ్మి ట్యాబు పట్టుకుని జీపెక్కుతుంది. తిండి చాలదని దిగులు పడ్డారా అన్నది మొదటి ప్రశ్న. రోజంతా పస్తున్నారా అన్నది ఆఖరిది.

ఆమె పుట్టింది కిరందుల్ రైల్వే క్వార్టర్లలో. శృంగవరపుకోట వైపు నుంచి వచ్చిన తండ్రి అక్కడ గ్యాంగ్‌మన్. ఆయన పోయిన ఏడు తల్లి ఉత్త నీళ్లు పొయ్యి మీద పెట్టి మరగబెట్టేది, వంట అవుతున్నట్టు ఇరుగుపొరుగుకి కనపడాలని. ఆవిడ చెప్పుకోలేదు, ఎవరూ అడగనూలేదు. అందుకే మగదిక్కు పోయిన ఇల్లు వంతుకొస్తే ఆ గడప ఎక్కడానికి చిన్నమ్మికి ఇప్పటికీ మనసొప్పదు.

ఈ వేసవిలో మరైగూడ దగ్గర ఒక ఊరు వంతుకొచ్చింది. అందులో పార్వతి అనే ఆవిడ ఇల్లుంది. ఆమె భర్త పోయి నెల తిరగలేదు. చిన్నమ్మి ఆ ఇంటిని ఆఖరికి నెట్టేసి, ముందు జోగే అనే ముసలామె ఇంటికి వెళ్లింది.

జోగే వాకిట్లో మామిడి చెట్టు కాపుతో వంగిపోయి ఉంది. కింద పండ్లు రాలి ఈగలు ముసురుతున్నాయి. చిన్నమ్మి ఒకటి తియ్యబోతే జోగే చెయ్యి పట్టుకుంది.

"ముట్టకు బిడ్డా. కొత్త మామిడి పండుం, మా పండగ, ఇంకా కాలే. పెద్దలకు పెట్టకుండ మేం నోట్ల పెట్టం."

ప్రశ్నలు మొదలయ్యాయి. దిగులు పడ్డారా? పడ్డం. తక్కువ తిన్నారా? తిన్నం. రోజంతా పస్తున్నారా? ఉన్నం. జోగే ఏ జంకూ లేకుండా చెప్పింది. తక్కిన ఇళ్లలోనూ అవే జవాబులు. చిన్నమ్మికి ఒళ్లు మండింది. ఆకలి రుచెరగదంటారు, వీళ్ల ఆకలి పండగ కోసం కాసుక్కూర్చుంది.

"కళ్లెదుట పళ్లు కుళ్లిపోతన్నాయి కదమ్మా. ఆ పండగేదో బేగి సేసుకోరేటి?" అంది, ఉండబట్టలేక జోగే దగ్గరికే తిరిగొచ్చి.

"పార్వతి ఇంట్ల మైల తీరాలె గద. ఆమెను ఇడిసిపెట్టి ఊరు పండుం చేసుకుంటదా? ఆమె పిల్లలు చూస్తుంటె మా పిల్లలు ఎట్ల తింటరు?"

చిన్నమ్మి ట్యాబు చంకన పెట్టుకుని లేచింది. గుండె రాయి చేసుకుని పార్వతి గడపెక్కింది. పార్వతి అన్నిటికీ లేదనే చెప్పింది. దిగులు లేదు, తగ్గించి తినలేదు, ఒక్కపూటా పస్తులేదు. చిన్నమ్మి ఓరగా పొయ్యి వైపు చూసింది. చల్లటి బూడిద.

"అమ్మా, నాకాడ దాసకండి," అంది. "మా అమ్మా ఇలాగే దాసింది."

పార్వతి లేచి మూలనున్న గిన్నెల మూతలు తీసింది. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో జావ, ఒకదాంట్లో పప్పు. ఏ గిన్నెకీ మరో గిన్నెతో పోలిక లేదు.

"ఆయన పోయినకాడికెళ్లి నన్ను పొయ్యి ముట్టియ్యనిస్తలేరు. దినాం ఎవరో ఒకరు తెస్తనే ఉన్నరు. ఇయాల జావ జోగే పెద్దమ్మది."

చిన్నమ్మి ఆ గిన్నెల ముందు కూర్చుంది. పొద్దున్నుంచీ ఆకలి గురించి అడుగుతూ వచ్చింది కానీ, అది ఎవరి కోసమో అడగలేదు. ఆకలి ఆకలే, దానికి దండ వెయ్యనక్కర్లేదు. కానీ ఆ గిన్నెలకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకు.

జీపు సిగ్నలున్న చోటికి చేరి, ట్యాబులోని జవాబులు పైకి వెళ్లగానే పై అధికారి శ్యామ్‌ప్రసాద్ ఫోన్ చేశాడు.

"ఇళ్లు తారుమారు చేశావా చిన్నమ్మీ? ఇంటాయన పోయిన ఇల్లు కడుపునిండా తింటోందా? తక్కిన ఊరంతా పస్తా? వెనక్కెళ్లి సరిచూడు."

"సరిగ్గానే ఉందండి," అంది చిన్నమ్మి. "తక్కినోళ్లు ఆ ఇంటికి పెట్టి పస్తున్నారండి."